రువాహా సఫారీ: సెలవులను బట్టి కాక, నీటిని బట్టి నెల ఎంచుకోండి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి పిల్లలతో విదేశయాత్ర తలపెట్టే కుటుంబాలు సాధారణంగా వేసవి సెలవులనే ఎంచుకుంటాయి. టాంజానియా దక్షిణ భాగంలో ఉన్న రువాహా జాతీయ ఉద్యానవనానికి మాత్రం ఆ సెలవులు సరిపడవు. ఏప్రిల్ నెలాఖరుకు అక్కడ వానాకాలం పూర్తిగా ముగిసి ఉండదు. గడ్డి ఏపుగా పెరిగి ఉంటుంది, అడవి అంతటా గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి కనుక జంతువులు నది దగ్గరకు రావలసిన అవసరమే ఉండదు, నల్లరేగడి దారుల్లో బండి దిగబడుతుంది. మన దసరా సెలవులు వచ్చే సెప్టెంబరు చివరి వారం, అక్టోబరు నెల ఆ అడవిని చూడడానికి సంవత్సరం మొత్తంలో మేలైన రోజులు. ఈ ఒక్క సంగతిని విమాన టికెట్లు కొనకముందే గుర్తుపెట్టుకుంటే మిగిలిన ఏర్పాట్లన్నీ ఒక వరుసలోకి వస్తాయి.

రువాహా 1964లో జాతీయ ఉద్యానవనమైంది. 2008లో ఉసంగు ప్రాంతాన్ని కలిపిన తరువాత దాని విస్తీర్ణం 20,000 చదరపు కిలోమీటర్లు దాటింది. విభజనకు ముందున్న కర్నూలు జిల్లా మొత్తం 17,658 చదరపు కిలోమీటర్లే కాబట్టి, ఆ అడవి ఎంతటిదో మన ప్రాంతపు పాఠకులకు సులభంగా అర్థమవుతుంది. అంత పెద్ద అడవి అయినప్పటికీ, ఉత్తరాన ఉన్న సెరెంగెటికీ న్గోరోంగోరోకూ వెళ్లే జనంలో చిన్న భాగం మాత్రమే ఇక్కడికి వస్తారు. పేరుపడ్డ చోట్ల ఒక సింహం కనిపిస్తే నిమిషాల్లో బండ్లు దాని చుట్టూ మూగుతాయి. రువాహాలో అదే సింహం ముందు మీ బండి ఒక్కటే గంటసేపు నిలిచి ఉండే అవకాశం ఎక్కువ. అడవి జంతువును దాని సహజమైన నడవడిలో చూడాలని నిజంగా కోరుకునేవారు తక్కువ పేరున్న ఉద్యానవనానికి వెళ్లడమే సరైనదని నా గట్టి అభిప్రాయం.

తూర్పు ఆఫ్రికా జంతుజాలమూ దక్షిణ ఆఫ్రికా జంతుజాలమూ కలిసే ప్రాంతం ఇది. మెలితిరిగిన కొమ్ములున్న పెద్ద కుడు, చిన్న కుడు జింకలు రెండూ ఇక్కడ ఉన్నాయి. ఇతర చోట్ల అరుదైన సేబుల్, రోన్ జింక జాతులు కూడా ఉన్నాయి. రువాహా, దాని పక్కనున్న రుంగ్వా అడవులు కలిసిన ప్రాంతంలో ఆఫ్రికా సింహాల్లో సుమారు పదో వంతు ఉంటాయని అంచనా. మన నల్లమల రేచుకుక్కలకు దూరపు బంధువులైన ఆఫ్రికా అడవి కుక్కలు కూడా ఇక్కడ కనిపిస్తాయి. పక్షుల జాతులు 550కి పైగా ఉన్నాయి. అయితే ఖడ్గమృగం లేదు. అది కూడా చూసి తీరాలనుకునేవారు న్గోరోంగోరో వంటి మరో చోటును ఎంచుకోవాలి. దంతాల వేటగాళ్ల వల్ల 2010 తరువాతి సంవత్సరాల్లో ఇక్కడి ఏనుగులు బాగా తగ్గాయి. ఆ భయం ఇంకా వీడని మందలు బండిని చూడగానే దూరంగా జరగవచ్చు. అటువంటప్పుడు వాటిని వెంబడించమని డ్రైవరును తొందరపెట్టకూడదు.

నీరు ఎక్కడుందో జంతువు అక్కడుంటుంది

గ్రేట్ రువాహా నది ఈ ఉద్యానవనపు ఆగ్నేయపు అంచు వెంట ప్రవహించి చివరికి రుఫీజీ నదిలో కలుస్తుంది. ఒకప్పుడు ఏడాది పొడవునా పారిన ఈ నది 1993 నుంచి వానలు లేని కాలపు చివరి నెలల్లో ఉద్యానవనం లోపల పారడం మానేసింది. ఎగువన ఉన్న ఉసంగు మైదానంలో వరి సాగుకు నీటిని మళ్లించడమే ఇందుకు ప్రధాన కారణమని చెబుతారు. పైన ఎవరు ఎంత వాడుకున్నారన్నదానిపై కిందివారి బతుకు ఆధారపడి ఉంటుందన్న సంగతిని తుంగభద్ర నీటికోసం ఎదురుచూసే రైతుకు, కె.సి. కాలువ చివరి పొలాల రైతుకు ఒకరు వివరించనక్కరలేదు. రువాహాలో ఆ కాలువ చివరన ఉన్నవి మొసళ్లు, నీటి గుర్రాలు, అడవి దున్నలు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నది కొన్ని మడుగులుగా మాత్రమే మిగులుతుంది. నీటి గుర్రాలన్నీ ఆ మడుగుల్లో ఒకదానిపై ఒకటి పడినట్టు కిక్కిరిసి ఉంటాయి, తాగడానికి వచ్చే మందలకోసం సింహాలు ఒడ్డునే కాచుకొని ఉంటాయి. సందర్శకునికి అనుకూలమైన ఆ కాలమే జంతువులకు అతి కష్టమైన కాలమన్న స్పృహతో చూడడం మంచిది.

రువాహాలో నేను అందరికీ ముందుగా సూచించేది ఇసుక నదులను. వాటిలో మ్వాగుసి పేరున్నది. వానలు లేని కాలంలో పైకి ఇసుక తప్ప మరేమీ కనిపించదు. ఒక ఏనుగు వచ్చి, తొండం కొనతో ఇసుకను వాసన చూసి, ఒక చోట ఆగుతుంది. ముందుకాలితో ఇసుకను తన్ని, తొండంతో తీసి పక్కకు పోస్తూ గొయ్యి లోతవుతున్నకొద్దీ ముందుకు వంగుతుంది. తడి తగిలాక పని ఆపి కదలకుండా నిలబడుతుంది. నీరు ఊరిన తరువాత తొండంతో కొద్దికొద్దిగా పీల్చి నోట్లో పోసుకుంటుంది. పెన్నలోనూ చిత్రావతిలోనూ మనవాళ్లు ఇసుకలో తోడుకునే చెలమ అచ్చంగా ఇటువంటిదే. పెద్ద ఏనుగు తాగుతున్నంతసేపూ పిల్ల ఏనుగు దాని కాళ్ల మధ్య నిలబడి తన వంతుకోసం తొండం చాపుతూ ఉంటుంది. మంద వెళ్లిపోయాక అదే చెలమ దగ్గరకు బబూన్ కోతులు, ఇంపాలా జింకలు, గినీ కోళ్లు వస్తాయి. ఇదంతా చూడాలంటే బండిని ఒడ్డున నిలిపి, ఇంజను ఆపి, కనీసం గంటసేపు ఓపిక పట్టాలి. చాలామంది డ్రైవర్లు సందర్శకులు విసుగుపడతారన్న భయంతో పది నిమిషాలకే బండి తీస్తారు కాబట్టి, మొదటి రోజు ఉదయమే 'మేము ఒకే చోట ఎక్కువసేపు ఉంటాం' అని స్పష్టంగా చెప్పాలి.

మిగిలిన నెలల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. జూన్, జూలై నెలల్లో చల్లగా ఉంటుంది, గడ్డి తగ్గడం మొదలవుతుంది, అడవి కుక్కలు పిల్లలను పెట్టి ఒక చోట స్థిరపడే రోజులు కనుక వాటిని చూసే అవకాశం మెరుగవుతుంది. ఆగస్టు అన్ని విధాలా మధ్యస్థంగా ఉంటుంది. వేరుశనగ పీకే పనులు దసరాతో కలిసి వచ్చే రైతు కుటుంబాలకు ఆ నెలే అనుకూలం. అక్టోబరు ఎండ తీవ్రంగా ఉన్నా రాయలసీమవారికి అది అలవాటైనదే. నవంబరు తరువాత వానలు మొదలైతే ఏప్రిల్ దాకా పక్షులను చూసేవారికి తప్ప ఇతరులకు నేను సూచించను. కొన్ని బసలు ఆ నెలల్లో మూసివేస్తారు కూడా.

ఏ విమానాశ్రయానికి దిగాలి, ఎన్ని రాత్రులు ఉండాలి

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. టాంజానియా సఫారీ అనగానే టికెట్లు చేసేవారు అరూషా దగ్గరున్న కిలిమంజారో విమానాశ్రయానికి టికెట్టు తీస్తారు. అది ఉత్తరాది ఉద్యానవనాలకు ద్వారం. రువాహాకు వెళ్లేవారు దార్ ఎస్ సలామ్‌లోని జూలియస్ నైరేరే విమానాశ్రయంలో దిగాలి. కర్నూలువారికి శంషాబాద్, అనంతపురంవారికి బెంగళూరు దగ్గర. కడపవారు బెంగళూరు, చెన్నైలలో ఏ టికెట్టు అనుకూలంగా ఉంటే దాన్ని తీసుకోవచ్చు. దుబాయి, దోహాల మీదుగా వెళ్లే దారులున్నాయి, అడిస్ అబాబా, నైరోబీల మీదుగా వెళ్లేవీ ఉన్నాయి. రెండో రకం కొన్నిసార్లు చౌకగా దొరుకుతుంది కానీ, దానికీ పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకాకూ ఉన్న సంబంధాన్ని కింద వివరిస్తాను. అది చదివిన తరువాతే టికెట్టు కొనండి.

దార్ నుంచి ఇరింగా పట్టణం సుమారు 500 కిలోమీటర్లు. మంచి తారురోడ్డే అయినా లారీల రద్దీ వల్ల, వేగ పరిమితుల వల్ల పగలంతా పడుతుంది. ఈ దారి మికుమి జాతీయ ఉద్యానవనం మధ్య నుంచి దాదాపు 50 కిలోమీటర్ల మేర సాగుతుంది కాబట్టి, రోడ్డు పక్కనే జిరాఫీలు, ఏనుగులు కనిపించవచ్చు. రాత్రిపూట ఈ దారిలో ప్రయాణించవద్దు. ఇరింగా 1,500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఊరు. జూన్, జూలై నెలల్లో అక్కడ రాత్రి గడపాలంటే స్వెట్టరు తప్పనిసరి. అక్కడి నుంచి ఉద్యానవన ద్వారం మరో 110 కిలోమీటర్లు, సుమారు మూడు గంటలు. ఇరింగాలోనే డీజిలు నింపించుకోవాలి, ఏటీఎంలో షిల్లింగులు తీసుకోవాలి, మందులేవైనా మరచిపోతే అక్కడే కొనుక్కోవాలి. ఆ తరువాత ఇవేవీ నమ్మకంగా దొరకవు.

వృద్ధులు వెంట ఉంటే దార్ నుంచి ఉద్యానవనం లోపలి మ్సెంబె మట్టి రన్‌వేకు వెళ్లే చిన్న విమానాలు మేలు. ఖర్చు ఎక్కువే, కానీ నడుము నొప్పి, మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి రెండు రోజుల రోడ్డు ప్రయాణం తప్పుతుంది. ఆ విమానాల్లో తలకు 15 కిలోల సామాను మాత్రమే అనుమతిస్తారు, అది కూడా మెత్తటి సంచిలో ఉండాలి. చక్రాల సూట్‌కేసు పనికిరాదు.

రువాహాలో నాలుగు రాత్రులు ఉండాలని నా సూచన. మూడుకు తగ్గితే వెళ్లిరావడంలోనే కాలం గడిచిపోతుంది. పది రోజుల సెలవు ఉందని సెరెంగెటి, రువాహా, జంజిబార్ మూడూ చుట్టిరావాలని ప్రయత్నించేవారు ఎక్కువ సేపు విమానాశ్రయాల్లోనే గడుపుతారు. ఒక అడవినే ఎంచుకొని, దారిలో ఇరింగాకు ఒక పూట కేటాయిస్తే యాత్ర నిండుగా ఉంటుంది. ఇరింగా దగ్గరున్న ఇసిమిలాలో రాతియుగపు పనిముట్లు దొరికిన లోయ, వాన కోసిన మట్టి స్తంభాలు ఉన్నాయి. కలెంగాలో హెహె జాతి నాయకుడు మ్క్వావా స్మారకంగా చిన్న మ్యూజియం ఉంది. 1891లో జర్మన్ సేనను ఓడించి, 1898లో పట్టుబడకుండా ప్రాణం తీసుకున్న ఆ నాయకుని పుర్రె జర్మనీ నుంచి 1954లో తిరిగి వచ్చి అక్కడే ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తలను కోయిలకుంట్ల కోట గుమ్మానికి ఏళ్లపాటు వేలాడదీసిన చరిత్ర తెలిసినవారు ఆ చిన్న గదిలో కాసేపు ఆగకుండా ఉండలేరు.

టీకా, మాత్రలు, వీసా

పచ్చజ్వరం టీకా గురించి మన దగ్గర చాలా గందరగోళం ఉంది. పచ్చజ్వరం ఉన్న దేశాల నుంచి వచ్చేవారి దగ్గర, లేదా అటువంటి దేశం మీదుగా ప్రయాణించి వచ్చేవారి దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయాల్లో ఆరోగ్యాధికారులు ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. ఇథియోపియా, కెన్యా ఆ జాబితాలోనివే కనుక, అడిస్ అబాబాలో గానీ నైరోబీలో గానీ విమానం మారినవారికి ఈ నియమం వర్తించవచ్చు. జాబితాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి. అందువల్ల ఏ దారిన వెళ్లినా టీకా వేయించుకొని, ధ్రువపత్రంగా ఇచ్చే పసుపురంగు పుస్తకం దగ్గర ఉంచుకోవడమే క్షేమం. టీకా వేసిన పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుబాటవుతుంది, 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకాను అన్ని ఆసుపత్రుల్లో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వాటిలో ఒకటి. నిర్ణీత రోజుల్లోనే వేస్తారు కాబట్టి ముందుగా కనుక్కొని వెళ్లాలి. 60 ఏళ్లు దాటినవారు, గర్భిణులు, గుడ్డు పడనివారు డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి.

మలేరియాకు టీకా మీద ఆధారపడకూడదు, మాత్రలు వేసుకోవాలి. అటొవాక్వోన్-ప్రొగువానిల్ అయితే బయలుదేరే ముందు ఒకటి రెండు రోజుల నుంచి, తిరిగి వచ్చాక ఏడు రోజుల దాకా వాడతారు. డాక్సీసైక్లిన్ అయితే తిరిగి వచ్చాక నాలుగు వారాలు వాడాలి. పిల్లలకు ఏది సరిపోతుందో, ఇప్పటికే వాడుతున్న బీపీ, షుగరు మందులతో ఏది కుదురుతుందో మీ డాక్టరే నిర్ణయించాలి. మందుల దుకాణంలో అడిగి కొనుక్కోవడం తగదు. తరచుగా వాడే మందులను డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అడవి నుంచి విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో పత్రంలో చదివి చూసుకోండి. పెద్ద ఆసుపత్రి రోజు ప్రయాణం దూరంలో ఉన్న చోట ఆ ఒక్క వాక్యం విలువైనది.

వీసా విషయం అంత కష్టం కాదు. టాంజానియా ప్రభుత్వ ఇమిగ్రేషన్ సైటులోనే ఈ-వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకసారి ప్రవేశానికి పర్యాటక వీసా రుసుము 50 డాలర్లు. అదే పేరును పోలిన ప్రైవేటు సైట్లు అదనంగా వసూలు చేస్తాయి కనుక చిరునామా సరిచూసుకోవాలి. పాస్‌పోర్టుకు ప్రయాణ తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. గడువు దగ్గరపడినవారు ముందు దాన్ని పునరుద్ధరించుకొని, కొత్త నంబరుతోనే వీసాకు, టికెట్టుకు వెళ్లాలి.

బస, బండి, ఖర్చు

బసలు మూడు రకాలు. మ్సెంబె దగ్గర నది ఒడ్డున ఉద్యానవన సంస్థ నడిపే సాదా గదులు ఉన్నాయి. ఖర్చు తక్కువ, ఏనుగులు గదుల మధ్యకే వస్తాయి, సౌకర్యాలు మాత్రం పరిమితం. లోపలే ప్రైవేటు గుడారపు బసలు ఉన్నాయి. భోజనం, బండి, గైడు అన్నీ కలిపి రోజుకు ఇంత అని తీసుకుంటారు, ధర గట్టిగా ఉంటుంది. ఉద్యానవనం బయట తుంగమలెంగా ఊరి దగ్గర చౌకైన బసలు ఉన్నాయి కానీ, ప్రతి ఉదయం ద్వారం దాటి నది దాకా వెళ్లేలోపు చల్లని వేళ కాస్తా గడిచిపోతుంది. జంతువులు తిరిగేది ఆ వేళలోనే. మధ్యతరగతి కుటుంబానికి నా సూచన మ్సెంబె గదులే. మిగిలిన డబ్బును మంచి బండి మీద, మంచి గైడు మీద ఖర్చుపెట్టండి.

ప్రవేశ రుసుము పెద్దలకు రోజుకు 30 డాలర్లు, దానిపై 18 శాతం వ్యాట్, అంటే 35 డాలర్ల 40 సెంట్లు అన్న లెక్క కొన్నేళ్లుగా నడుస్తోంది. పిల్లలకు తక్కువ. రుసుములు సవరిస్తుంటారు కాబట్టి ఆ ఏటి పట్టికను అధికారిక సైటులో చూడాలి. నలుగురు పెద్దలకు నాలుగు రోజులంటే ప్రవేశానికే సుమారు 566 డాలర్లు అవుతుంది. బండికి, బసకు రుసుము వేరు. ద్వారం దగ్గర నగదు తీసుకోరు, కార్డు ద్వారా గానీ ముందుగా జారీ చేసిన నంబరు ద్వారా గానీ చెల్లించాలి. ఇక్కడి ఏజెంటు ద్వారా మొత్తం ప్యాకేజీగా కొంటే ఆదాయపు పన్ను కింద టీసీఎస్ అనే ముందస్తు పన్ను వసూలు చేస్తారు. రశీదు దాచుకుంటే రిటర్న్ దాఖలు చేసినప్పుడు సర్దుబాటవుతుంది. నగదుగా డాలర్లు తీసుకెళ్లేవారు చిరుగులు, మరకలు లేని కొత్త నోట్లే తీసుకోవాలి. పాత ముద్రణ నోట్లను అక్కడ తిప్పి ఇచ్చేస్తారు.

బండి ఏర్పాటు చేసే సంస్థకు టాంజానియా పర్యాటక లైసెన్సు ఉందా అన్నది మొదటి ప్రశ్న. ప్రతి మనిషికీ కిటికీ పక్క సీటు ఉంటుందా, కిలోమీటర్లకు పరిమితి ఉందా, చెప్పిన ధరలో ప్రవేశ రుసుములు కలిసి ఉన్నాయా అన్నవి తరువాతి ప్రశ్నలు. అన్నిటికంటే ముఖ్యంగా, మీతో వచ్చే డ్రైవరు గైడు రువాహాలో ఎన్నిసార్లు పనిచేశాడో అడగండి. అరూషా నుంచి వచ్చే గైడ్లలో చాలామందికి ఉత్తరాది అడవులే తెలుసు. రువాహా ఇసుక నదుల్లో ఏ మలుపు దగ్గర నీరు మిగిలి ఉంటుందో ఇరింగా వైపు గైడుకే ఎక్కువగా తెలుస్తుంది. సాయుధ రేంజరుతో కాలినడక సఫారీ కూడా ఇక్కడ చేయవచ్చు, దానికి విడిగా అనుమతి, రుసుము ఉంటాయి. పెద్దలు ఒక ఉదయమైనా దానికి కేటాయించాలని నా కోరిక. బండిలోంచి కనిపించని అడుగుజాడలు, పేడ, చెట్ల బెరడు మీద ఏనుగు దంతపు గీతలు అప్పుడే అర్థమవుతాయి.

సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

టాంజానియాలో 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. మనవాళ్లు మురుకులు, చెనక్కాయల పొడి, కారం, ఊరగాయ అన్నీ పలచని కవర్లలో కట్టి సర్దుతారు. ఆ అలవాటు ఈ యాత్రకు మానుకోవాలి. పొడులను మూత గట్టిగా ఉండే డబ్బాల్లో, బట్టలను గుడ్డసంచుల్లో సర్దండి. శాకాహారులు ఆకలితో ఉండవలసిన పని లేదు. అన్నం, చిక్కుడు గింజల కూర, తోటకూర వేపుడు, చపాతీ ఇరింగా హోటళ్లలో దొరుకుతాయి. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి సంగటి తినేవారికి తేలికగా నచ్చుతుంది. గుడారపు బసలకు మాత్రం మాంసాహారం వద్దన్న మాటను బుకింగు సమయంలోనే రాసి పంపాలి, ఎందుకంటే వారు సరుకులు ఇరింగా నుంచి వారానికి సరిపడా తెచ్చుకుంటారు.

రువాహాలో చెట్లు దట్టంగా ఉన్న చోట్ల సెట్సీ ఈగలు బాధిస్తాయి. రెక్కలను కత్తెరలా ఒకదానిపై ఒకటి మడిచి కూర్చునే ఈ ఈగ పలచని బట్ట మీదుగా కూడా కుడుతుంది, దోమల మందుకు అంతగా లొంగదు. ముదురు నీలం, నలుపు రంగులు దాన్ని ఆకర్షిస్తాయి. అక్కడ ఈగలను పట్టడానికి వేలాడదీసే గుడ్డలు కూడా ఆ రంగులవే. జీన్సు ప్యాంట్లు ఇంట్లో వదిలి, ఖాకీ, గోధుమ, లేత ఆకుపచ్చ రంగుల్లో మందపాటి పొడుగుచేతుల బట్టలు తీసుకెళ్లండి. సైనికుల దుస్తులను పోలిన మచ్చల బట్టలు మాత్రం వద్దు. డ్రోను కూడా అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. ప్లగ్గు పాయింట్లు ఎక్కువగా మూడు దీర్ఘచతురస్రపు పిన్నులవి కాబట్టి అడాప్టరు కావాలి.

కెమెరా కంటే బైనాక్యులర్ ముఖ్యం. 8×42 అని రాసి ఉన్నది మనిషికి ఒకటి చొప్పున ఉంటే మంచిది, కనీసం ఇద్దరికి ఒకటి. దాన్ని పెట్టెలోంచి మొదటిసారి తీయడం ఆఫ్రికాలో కాకూడదు. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డి మైదానానికి ఒక తెల్లవారుజామున వెళ్లి కృష్ణజింకలను వెదికి చూడండి, లేదా ఆత్మకూరు వైపు బైర్లూటి నుంచి నల్లమలలోకి ఒకసారి వెళ్లిరండి. గడ్డిలో చెవి కదలికను పట్టుకోవడం, చూపు తప్పకుండా బైనాక్యులర్‌ను కంటి దగ్గరకు ఎత్తడం పిల్లలకు ఇక్కడే అలవాటవుతాయి. మాటలు తగ్గించి కూర్చోవడం కూడా ఇక్కడే అలవాటు కావాలి.

అడవిలో మెలగవలసిన తీరు గైడు చెబుతాడు. అయినా మన కుటుంబాలకోసం రెండు మాటలు చెప్పాలి. ఎనిమిది మంది బంధువులు కలిసి వెళ్తే ఒకే బండిలో సర్దుకోకుండా రెండు బండ్లు తీసుకోండి. ఒకే బండిలో అందరూ ఉంటే మాటలు ఆగవు, ప్రతి నిర్ణయానికీ చర్చ జరుగుతుంది. సింహం కనిపించినప్పుడు పిల్లలను కిటికీలోంచి బయటకు వంచి ఫోటోలు తీయడం, జంతువు ఇటు తిరగాలని చప్పట్లు కొట్టడం, తినుబండారాలు విసరడం ఎంతమాత్రం చేయకూడదు. సూర్యాస్తమయానికి బసకు చేరాలి, ఆ తరువాత గది నుంచి భోజనానికి వెళ్లాలన్నా కాపలాదారును పిలిచి వెంట తీసుకెళ్లాలి. నీటి గుర్రాలు రాత్రిపూట ఒడ్డెక్కి గదుల చుట్టూ గడ్డి మేస్తాయి. నీటికీ దానికీ మధ్య మనిషి నిలబడితే అది పక్కకు తప్పుకోదు.

తిరుగు ప్రయాణంలో పసుపురంగు టీకా పుస్తకాన్ని పాస్‌పోర్టుతో కలిపి చేతిలో ఉంచుకోండి. మలేరియా మాత్రలను ఇంటికి చేరగానే ఆపేయవద్దు, డాక్టరు చెప్పిన చివరి రోజు వరకు వేసుకోండి. తరువాతి కొన్ని వారాల్లో, అరుదుగా నెలల తరువాత కూడా, జ్వరం వస్తే అది మామూలు జ్వరమని ఊరుకోకుండా అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి. టాంజానియా వెళ్లి వచ్చామని, ఏ మాత్రలు వాడామని డాక్టరుకు ముందుగా మీరే చెప్పండి, ఎందుకంటే మన ఊళ్లో ఎవరూ ఆ ప్రశ్న వేయకపోవచ్చు.